పొడుగు మనిషి - పొట్టి గుడారం

ఆరోగ్య శీర్షికలో గుడారాల గొడవేమిటి, ఈ డాక్టరుగారికి రాయడానికి జబ్బులు కరువయ్యాయా అని మీరు నవ్వుకోవచ్చు. జబ్బులకేం, కొదవ లేదు. కాని ఈ మధ్య మా బందరులోనూ, గుడివాడలోనూ పాతికేళ్ళ కుర్రాళ్ళకి కొండలెక్కే సరదా పట్టుకుంది. హైదరాబాదులోనో, బెంగుళూరులోనో కంప్యూటర్ల ముందు కూర్చుని పనిచేసేవాళ్ళు ఏడాదికి ఓ వారం సెలవు పెట్టి, వీపున మూట తగిలించుకుని హిమాలయాలకి పోతున్నారు. మంచిదే. నడిచే మనిషికి నా మందులతో పని తక్కువ. చిక్కల్లా వాళ్ళలో తాటిచెట్టులా ఎదిగినవాళ్ళతోనే. వాళ్ళకి రాత్రిపూట పడుకోవడానికి సరిపడే తేలికపాటి టెంటు దొరకడం ఎంత కష్టమో, ఎంపికలో పొరపాటు జరిగితే ఒంటికెంత చేటో మా మేనల్లుడి ధర్మమా అని నేను బాగా ఆలోచించవలసి వచ్చింది.

వాడి ఎత్తు ఆరడుగుల నాలుగంగుళాలు. కొత్త లెక్కలో 193 సెంటీమీటర్లు. హిమాచల్ ప్రదేశ్‌లో హంప్టా కనుమ దాటి వస్తానని బయల్దేరాడు. అది కులూ లోయ నుంచి లాహుల్‌లోకి దింపే దారి. ఎత్తు సుమారు 14 వేల అడుగులు. టెంటు కొనడానికి ముందు నాకు ఫోను చేశాడు.

"మావయ్యా, కిలో పావు బరువే! పొడుగు ఏడడుగులని డబ్బా మీదే రాశాడు. ఇంకా ఎనిమిదంగుళాలు మిగులు" అన్నాడు.

"ఒరేయ్, నువ్వు నిలబడి కొలుచుకుంటున్నావు. టెంటులో నిలబడతావా?" అన్నాను.

మీ ఇంట్లోనూ ఇలాంటి పొడుగు మనిషి ఉంటే ఈ లెక్క వేసి చూడండి. వెల్లకిలా పడుకున్నప్పుడు పాదం నిలబడ్డప్పటిలా మడిచినట్టు ఉండదు. కండరాలు వదులై వేళ్ళు ముందుకి వాలతాయి. దాంతో మనిషి నాలుగైదు అంగుళాలు సాగినట్టే. ఆ పైన స్లీపింగ్ బ్యాగు. మన బొంతని సంచిలా కుట్టి, అందులో దూరి పడుకున్నట్టు ఉంటుంది అది. తల దగ్గరా, కాళ్ళ దగ్గరా దాని మందం కలిపితే మరో మూడంగుళాలు. అంటే మావాడు పడుకునేసరికి ఏడడుగులూ అయిపోయాయి. మిగులు అన్న ఎనిమిదంగుళాలూ హరీ!

అసలు మోసం ఇంకా ఉంది. డబ్బా మీద రాసే ఏడడుగులు నేలబారు కొలత. టెంటు గోడలు మన ఇంటి గోడల్లా నిట్టనిలువుగా లేవవు, లోపలికి వాలి ఉంటాయి. చాప మీద పడుకున్నవాడి కాలివేళ్ళు నేల నుంచి తొమ్మిది పదంగుళాల ఎత్తున ఉంటాయి. దిండు మీద తల కూడా ఇంచుమించు అంతే. గోడ ఏటవాలుగా సగానికి సగం వాలి ఉంటే, అంటే 45 డిగ్రీల కోణంలో ఉంటే, పదంగుళాల ఎత్తులో అటు పది, ఇటు పది అంగుళాలు పోతాయి. ఏడడుగుల గుడారం కాస్తా కాలివేళ్ళ దగ్గరికి వచ్చేసరికి అయిదడుగుల నాలుగంగుళాలైంది! నిటారుగా లేచే గోడలైతే అటూ ఇటూ మూడు నాలుగంగుళాలకి మించి పోదు. బరువు తగ్గించడానికి బట్టని తగ్గిస్తారు. బట్ట తగ్గితే గోడలు వాలిపోతాయి. తేలికైన టెంట్లలో పొడుగువాళ్ళు ఇబ్బంది పడేది అందుకే.

"పోనీ, తగిలితే తగలనీ, గుడ్డే కదా, కొరుకుతుందా?" అంటారేమో. కొరుకుతుంది. దివిసీమలో నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసే రోజుల్లో ఒక రొయ్యల చెరువు కాపలా మనిషి నా దగ్గరికి వస్తూండేవాడు. మంచి పొడగరి. రెండు పాదాలూ దద్దుర్లు, గోకి గోకి పుళ్ళు. గమ్మత్తేమిటంటే కాలివేళ్ళ మీదా, పాదాల పక్కనా తప్ప ఒంటిమీద ఇంకెక్కడా ఒక్క దోమకాటు లేదు. రోజూ దోమతెర కట్టుకునే పడుకుంటానని ఒట్టు పెట్టాడు. ఒకనాడు సాయంత్రం అటువైపు వెళ్ళినప్పుడు చెరువుగట్టు మీద వాడి పాక చూశాను. మంచం పొట్టిది, తెర అంతకంటే పొట్టిది. నిద్రలో కాళ్ళు చాపగానే పాదాలు తెరకి ఆనుకుంటున్నాయి. దోమలకి అంతకంటే ఏం కావాలి? తెర కన్నాల్లోంచి సుఖంగా సూది దించుతున్నాయి. వాడి భార్యకి చెప్పాను: "అమ్మా, పాత దుప్పటి చింపి, తెర అడుగున చుట్టూ అడుగు వెడల్పున అంచు కుట్టు" అని. కుట్టింది. పుళ్ళు మానాయి. మన కోస్తా జిల్లాలు ఏనాటి నుంచో బోదకాలుకి పేరుపడ్డవి. ఆ క్రిములు రాత్రివేళే రక్తంలోకి వస్తాయి కనక, రాత్రి పది దాటాక ఇంటింటికీ తిరిగి వేళ్ళ నుంచి రక్తం తీసి పరీక్షించిన వాణ్ణి నేను. దోమతెర కట్టుకుంటే చాలదు, మనిషి తెరకి తగలకుండా పడుకోవాలి. మీ ఇంట్లో ఆరడుగులు దాటినవాళ్ళుంటే బజార్లో దొరికే తెర కొనేముందు పడుకోబెట్టి కొలవండి, చాలకపోతే కొలతిచ్చి కుట్టించండి.

హంప్టాలో మన దోమలుండవు. అక్కడ కొరికేది తడి, చలి.

నిద్రపోతున్న మనిషి ఊపిరిలోంచీ, చర్మంలోంచీ తనకి తెలియకుండానే నీటి ఆవిరి వదులుతూంటాడు. ఒక్క రాత్రిలో పావు లీటరు పైమాటే. ఆ ఆవిరి చల్లటి గుడ్డకి తగిలి నీటిబొట్లుగా మారుతుంది. వేసవిలో కుండనీళ్ళు పోసిన కంచుచెంబుకి చెమట పట్టినట్టు. టెంటు బయట వాన చుక్క పడకపోయినా తెల్లారేసరికి లోపలి గోడలు తడిసి ఉంటాయి. పొట్టివాడికి దానితో పేచీ లేదు, గోడ దూరంగా ఉంటుంది. పొడుగువాడి కాళ్ళు రాత్రంతా ఆ తడి గోడని తుడుస్తూనే ఉంటాయి. స్లీపింగ్ బ్యాగు కాళ్ళవైపు నానిపోతుంది. అందులో కూరినది బాతు ఈకలైతే తడిసి ముద్దకట్టి వెచ్చదనం పోతుంది.

తడిసిన కప్పు ఎంత పని చేస్తుందో చిన్నప్పుడే చూశాను. 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచెత్తినప్పుడు నాకు ఏడేళ్ళు. ఇల్లు పోయింది. మిగిలిన తాటిదూలాల మీద బరకం కప్పుకుని కొన్నాళ్ళు గడిపాం. మా నాన్నగారిది కూడా పొడుగు విగ్రహమే. మా వంశానికి ఆ ఎత్తు ఆయన నుంచే. పిల్లల్ని మధ్యలో పడుకోబెట్టి ఆయన అంచున పడుకునేవారు. మోకాళ్ళ కింది భాగం బరకం బయట. కాళ్ళ మీద గోనెసంచి కప్పుకునేవారు. కార్తీకం వెళ్ళి మార్గశిరం వస్తున్న రోజులు, మంచు విపరీతం. తెల్లవారుజామున ఆ గోనె పిండితే నీళ్ళు కారేవి. అది కప్పుకుంటే కప్పుకోనప్పటికంటే ఎక్కువ చలి వేస్తోందని ఆయన దాన్ని తీసి పక్కన పడేసేవారు. ఏడేళ్ళ వాడికి అదేమిటో అర్థం కాలేదు. వైద్యం చదివే రోజుల్లో తెలిసింది. నీరు గాలికంటే పాతిక రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తుంది.

మన దగ్గర అది ఒక రాత్రి ఇబ్బందితో పోతుంది. పొద్దెక్కితే ఎండ కాస్తుంది. 14 వేల అడుగుల దగ్గర అలా కాదు. ఒంటి వేడి మామూలుగా 37 డిగ్రీల సెల్సియస్. 35 కన్నా దిగిందంటే ప్రమాదం మొదలైనట్టే. ముందు వణుకు పట్టుకుంటుంది. తరవాత చొక్కా గుండీ పెట్టుకోలేడు, మాట ముద్దగా వస్తుంది, తాగినవాడిలా తూలతాడు. ఒళ్ళు వెచ్చబడకుండానే వణుకు ఆగిపోయిందంటే "హమ్మయ్య, తగ్గింది" అనుకోకండి, ముదిరిందని అర్థం. తడిబట్టలు విప్పి పొడివి తొడగాలి. కింద నేలకి తగలకుండా మందంగా పరుపు వెయ్యాలి. తెలివిలో ఉంటే వేడి వేడి తీపి టీ పట్టాలి. కాళ్ళూ చేతులూ గట్టిగా రుద్దకూడదు. బ్రాందీ పొయ్యడం సినిమాల్లో వైద్యం. అది చర్మంలోని రక్తనాళాలని వెడల్పు చేసి ఉన్న వేడిని కూడా బయటికి పంపుతుంది. వెంటనే కిందికి దింపి వైద్యుడికి చూపించాలి.

ఇంతకీ ఎలాంటిది కొనాలి? ఒకే పొర ఉన్న టెంటు తేలిక. అయితే చెమ్మంతా ఆ పొర మీదే, మీ కాళ్ళకి అందుబాటులో. లోపల దోమతెరలాంటి గది, పైన వాన ఆపే గుడ్డ, రెండింటి మధ్య జానెడు ఖాళీ ఉండే రెండు పొరల టెంటు పొడుగువాడికి మేలు. చెమ్మ పై గుడ్డకి పడుతుంది. తలవైపూ, కాళ్ళవైపూ గోడ నిటారుగా లేచేలా పుల్లలు పెట్టినది చూడండి. నైలాను గుడ్డ తడిస్తే సాగి లోపలికి జారుతుంది. సాయంత్రం బిగించి కట్టినా పడుకోబోయేముందు తాళ్ళు మళ్ళీ ఓసారి బిగించాలి. పాలిస్టరు అంతగా సాగదు. నడకకర్రలు రెండు నిలబెట్టి వాటి మీద వేసే టెంట్లున్నాయి, వాటికి వేరే పుల్లల బరువుండదు. పొడుగువాడి చేతిలో ఎలాగూ పొడుగు కర్రలే ఉంటాయి కనక అవీ పనికొస్తాయి, గోడల వాలు చూసుకుంటే.

ఎత్తు సంగతి మర్చిపోకండి. మనిషి కూర్చుంటే పొడుగులో సగానికి కాస్త పైన ఉంటాడు. మావాడికైతే మీటరు. చాప, టోపీ కలిపి మరో పది సెంటీమీటర్లు. కొండల్లో వాన పట్టుకుంటే ఒక్కోసారి రోజంతా టెంటులో కూర్చోవాలి. మెడ వంచి, నడుం వంచి అన్ని గంటలు కూర్చున్నవాడు మర్నాడు మూట ఎత్తుకోగలడా?

మన నవారు మంచాల కాలంలో పొడుగు అల్లుడు ఇంటికొస్తే ఏం చేసేవాడు? ఈ మూల నుంచి ఆ మూలకి పడుకునేవాడు. టెంటులోనూ ఆ ఉపాయం ఉంది. ఒక్కడే వెళ్ళినా ఇద్దరు పట్టే టెంటు కొని మూలగా పడుకోవడం. ఏడడుగుల పొడుగు, నాలుగడుగుల మూడంగుళాల వెడల్పు ఉన్న దాంట్లో మూల నుంచి మూలకి ఎనిమిదడుగుల పైమాటే వస్తుంది. భుజాలు మూలలోకి పూర్తిగా ఇరకవు కనక అదంతా మనకి దక్కదు. అర అడుగు కలిసొస్తే చాలు, కాళ్ళు బతికిపోతాయి. అప్పటికీ చాలకపోతే, వానకోటుని స్లీపింగ్ బ్యాగు కాళ్ళవైపు తొడగండి. రొయ్యల చెరువు కాపలా మనిషి దోమతెరకి కుట్టిన అంచులాంటిదే ఇదీ. పరుపు కూడా సాధారణంగా ఆరడుగులే ఉంటుంది. మడమలు చల్లటి నేల మీద పడకుండా ఖాళీ చేసిన వీపుసంచిని కాళ్ళ కింద పరుచుకోవాలి.

"ఇవన్నీ చూసుకుంటే బరువు పెరుగుతుంది కదా మావయ్యా" అన్నాడు మావాడు. నిజమే, అర కిలో పెరిగింది. ఆ అర కిలో ఎక్కడ తగ్గించాలో నేను చూపించాను. మా అక్క కట్టిచ్చిన తొక్కుడు లడ్డూ డబ్బా ఒక్కటే కిలో ఉంది. బందరు లడ్డూ మీద నాకేమీ కోపం లేదు. రైల్లో తినెయ్యమన్నాను. ఆవకాయ సీసా మాత్రం ఇంట్లో దిగింది. అదనపు జీన్సు ప్యాంటు ఒకటి, పుస్తకం ఒకటి, పెద్ద స్టీలు గిన్నె ఒకటి తీయించాను. మూట మొత్తం మనిషి బరువులో అయిదో వంతుకి మించకుండా చూసుకుంటే నడుముకి మంచిది. పొడుగువాళ్ళకి నడుమునొప్పులు అసలే కాస్త ఎక్కువ.

మూట మాట వచ్చింది కనక, టెంటుకంటే ముందు కొలవవలసినది ఇంకొకటుంది. అది మనిషినే. మరీ పొడుగ్గా, సన్నగా, వేళ్ళు సాలెపురుగు కాళ్ళలా పొడుగ్గా ఉన్నవాళ్ళలో బహుకొద్దిమందికి మార్ఫాన్ అనే పుట్టుజబ్బు ఉంటుంది. 1896లో ఫ్రెంచి పిల్లల వైద్యుడు మార్ఫాన్ మొదట వర్ణించాడు కనక ఆ పేరు. గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని గోడ వీళ్ళలో బలహీనంగా ఉండి, క్రమంగా ఉబ్బి, ఒక్కోసారి హఠాత్తుగా చీలుతుంది. అమెరికా వాలీబాల్ క్రీడాకారిణి ఫ్లో హైమన్ ఆరడుగుల అయిదంగుళాల మనిషి, ఒలింపిక్స్‌లో వెండి పతకం సాధించిన జట్టులోది. 1986 జనవరిలో జపాన్‌లో మ్యాచ్ మధ్యలో కుప్పకూలి చనిపోయింది. ఈ జబ్బుందని అంతవరకూ ఎవరికీ తెలియదు.

ఇంట్లో చూసుకోగల గుర్తులున్నాయి. చేతులు బార చాపి కొలవండి. అది ఎత్తుకన్నా వందకి అయిదు వంతులు మించితే, అంటే ఆరున్నర అడుగుల లోపు మనిషికి సుమారు నాలుగంగుళాలు మించితే, అనుమానించాలి. బొటనవేలు లోపల పెట్టి పిడికిలి మూస్తే గోరంతా అవతల పొడుచుకు రావడం, ఒక చేతి బొటనవేలూ చిటికెనవేలూ రెండో మణికట్టు చుట్టూ తిప్పితే ఒకదాని మీదికి ఒకటి ఎక్కడం, చిన్నప్పటి నుంచీ చూపు బాగా మందంగా ఉండడం, దగ్గరి బంధువుల్లో చిన్న వయసులో హఠాన్మరణాలు కూడా గమనించాలి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా జబ్బు ఉందని కాదు. గుండెకి ఎకో పరీక్ష చేయించుకోమని అర్థం. జబ్బు ఉందని తేలితే పది పన్నెండు కిలోల మూటతో కొండెక్కడం సంగతి గుండె వైద్యుడే తేల్చాలి. మా మేనల్లుడి బార ఎత్తుకన్నా రెండంగుళాలే ఎక్కువ. అయినా మా అక్క మనశ్శాంతి కోసం విజయవాడలో ఎకో తీయించాం. నిక్షేపంలా ఉంది.

చివరికి వాడు కొన్నది ఏడున్నర అడుగుల పొడుగున్న, ఇద్దరు పట్టే, రెండు పొరల టెంటు. బరువు కిలో ముప్పావు. కొన్నాక నేరుగా హిమాలయాలకి మోసుకుపోనివ్వలేదు. ధనుర్మాసంలో గుడివాడలో మా అక్కయ్య వాళ్ళ డాబా మీద వేయించాను. మేకులు దిగవు కనక ఇటుకలకి తాళ్ళు కట్టాం. మన డెల్టాలో ఆ నెల మంచు ఎలా కురుస్తుందో మీకు తెలుసు. వరికుప్పలు తెల్లారేసరికి తడిసి ముద్దవుతాయి. చెమ్మ సంగతి తేల్చుకోవడానికి అంతకంటే మంచి పరీక్ష లేదు. చుట్టుపక్కల డాబాల వాళ్ళు వింతగా చూశారు. మొదటి రాత్రి గాలి రాకూడదని తలుపులన్నీ బిగించి పడుకున్నాడు, పై గుడ్డ లోపల నీళ్ళు కారాయి. రెండో రాత్రి పైనున్న గాలి సందులు తెరిచి, కాస్త మూలగా పడుకున్నాడు. పొద్దున్న నేను కాళ్ళవైపు చెయ్యి పెట్టి చూశాను. పొడిగా ఉంది.

సెప్టెంబరులో హంప్టా దాటి వచ్చాడు. రెండు రాత్రులు వాన, ఒక రాత్రి గడ్డకట్టే చలి. కాలి మేజోళ్ళు తడవలేదని వాట్సాప్‌లో ఒక్క ముక్క రాశాడు.

ఒక హెచ్చరిక మాత్రం పొడుగువాళ్ళకీ పొట్టివాళ్ళకీ కలిపి చెబుతున్నాను. చలికి ఓర్చలేక టెంటు మూసుకుని లోపల పొయ్యి వెలిగించకండి, కుంపటి పెట్టకండి. మూసిన చోట మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకి వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే తీసుకుపోతుంది. 2020 జనవరిలో నేపాల్‌లోని దమన్‌లో మూసిన హోటల్ గదిలో గ్యాస్ హీటరు పెట్టుకుని పడుకున్న కేరళ యాత్రికులు ఎనిమిదిమంది, పిల్లలతో సహా, అలాగే చనిపోయారు. టెంటు ఆ గదికంటే ఎంతో చిన్నది.

తిరిగొచ్చాక టెంటుని చుట్టి అటక మీద పడెయ్యకండి. మన బందరు గాలిలో ఉప్పూ చెమ్మా రెండూ ఉన్నాయి. తడి మీద చుట్టిన గుడ్డకి వారంలో బూజు పడుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళు మళ్ళీ అందులో పడుకుంటే ఆ రాత్రి నిద్ర ఉండదు. మంచినీళ్ళతో తుడిచి, నీడపట్టున రెండు రోజులు ఆరేసి, వదులుగా మడిచి నూలు సంచిలో పెట్టండి. మా అక్కయ్య పాత దిండు గలీబు ఇచ్చింది, సరిపోయింది.